బండికి చోటేది?

తెల్లవారుజామున హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి పక్క ఊళ్లలో నిలబడి చూడండి. మోటారు సైకిల్ వెనక సీటుకు రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని ఓ రైతు మట్టిదారి మీంచి హైవే ఎక్కుతాడు. పాలకేంద్రం ఎదురుగానే, డివైడర్‌కు అవతల కనిపిస్తూ ఉంటుంది. రూలు ప్రకారం వెళ్లాలంటే యూటర్న్ దాకా పోయి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. సర్వీసు రోడ్డు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు; ఉన్నా ఊరి చివర ఉన్నట్టుండి ఆగిపోతుంది. దాంతో అతను రాంగ్‌రూట్‌లో, ఎదురొచ్చే లారీల లైట్లకు కళ్లు చికిలించుకుంటూ, అంచు వెంబడి బండి పోనిస్తాడు. ఏదో ఒక రోజు జరగరానిది జరిగితే తప్పు అతనిదేనని కాగితం మీదికెక్కుతుంది. అతనికి వేరే దారి వేయనివాళ్ల ప్రస్తావన ఆ కాగితంలో ఎక్కడా రాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైనవారు 1,68,491 మంది. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. మొత్తం రోడ్ల నిడివిలో రెండు శాతానికి కాస్త మించిన జాతీయ రహదారుల మీదే 36 శాతం మరణాలు జరిగాయి. కారణాల పట్టికలో పెద్ద వాటా అతివేగానిది, 71 శాతం. రోడ్డు చేసిన తప్పు వెతికినా కనిపించదు, ఎందుకంటే ప్రమాద స్థలికి వెళ్లే ఎస్సైకి రోడ్డు డిజైను పరీక్షించే శిక్షణా లేదు, ఆ పని ఆయనది కూడా కాదు.

హెల్మెట్ సంగతి తక్కువ చేసి చెప్పడం లేదు. అదే ఏడాది హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వియత్నాం 2007 డిసెంబర్ 15 నుంచి అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేసి, గట్టిగా అమలు చేసి, కొద్ది రోజుల్లోనే దేశాన్ని మార్చి చూపింది. మన దగ్గర అమలు లేదని 2024లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీయాల్సి వచ్చింది. పట్టీ బిగించకుండా, ఐఎస్ఐ గుర్తు లేని టోపీ లాంటిది పెట్టుకుని చలానా తప్పించుకునేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇది మారాల్సిందే.

కానీ మన విధానం హెల్మెట్ దగ్గరే ఆగిపోతోంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టాన్నే చూడండి. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. అదే చట్టంలోని 198ఏ సెక్షన్ కింద, ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి ప్రాణాలు పోవడానికి కారణమైన కాంట్రాక్టరుకో అధికారికో పడే జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. వందల కోట్ల పనిలో లక్ష రూపాయలు! నెలకు పదిహేను వేలు తెచ్చుకునే మనిషికి వెయ్యి రూపాయలు ఎంత భారమో, గుత్తేదారుకు లక్ష అంత తేలిక.

కారులో వెళ్లేవాళ్ల కంటపడని తప్పు ఒకటుంది. పాత తారు మీద కొత్త తారు పొరలు పొరలుగా వేస్తూ పోతే రోడ్డు అంచు పక్కనున్న మట్టికంటే నాలుగైదు అంగుళాలు ఎత్తవుతుంది. వెనక నుంచి బస్సు హారన్ కొడితే బండి మట్టిలోకి దిగుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు ముందు చక్రం ఆ అంచుకు రాసుకుని జారుతుంది, మనిషి వచ్చే వాహనం ముందు పడతాడు. కారు టైరుకు అది చిన్న కుదుపే. వంతెన మీది ఇనుప జాయింట్లు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, మలుపులో పోగుపడిన కంకర కూడా ఇంతే. రోడ్డు తనిఖీ కారులో కూర్చుని చేస్తే ఇవేవీ తెలియవు. ఇంజినీర్లు ఏడాదికి రెండుసార్లైనా తమ రోడ్డు మీద, రాత్రివేళ, వానలో, నూరు సీసీ బండి మీద వెళ్లి రావాలని నిబంధన పెట్టాలి.

జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు. అది మంచిదే. అయితే టోల్ కట్టని వాహనం రహదారి డిజైన్‌లోనూ లెక్కకు రాకుండా పోతోందన్నది నా అభిప్రాయం. మలేసియా ఫెడరల్ హైవే పక్కన 1970లలోనే మోటారు సైకిళ్లకు ప్రత్యేక దారి వేసింది. దాన్ని పొడిగించిన చోట బండ్ల ప్రమాదాలు మూడో వంతుకు పైగా తగ్గాయని అక్కడి పరిశోధకులు తేల్చారు. మనకు 2010 నుంచీ జాతీయ రోడ్డు భద్రతా విధానం ఉంది. 2019 చట్టం జాతీయ రోడ్డు భద్రతా బోర్డును పెట్టమంది. అది ఎప్పుడు ఏర్పడుతుందని 2025లో కూడా సుప్రీంకోర్టు అడగవలసి వచ్చింది.

అన్ని బండ్లకూ ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు), కొత్త బండితో రెండు హెల్మెట్లు అంటూ 2025 జూన్‌లో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. పెద్ద బైకులకు 2019 నుంచే ఉన్న రక్షణ పాల రైతు బండికీ దక్కడం న్యాయం.

ఇప్పుడు ఆ విజయవాడ రహదారిని ఆరు వరుసలు చేసే ప్రతిపాదన ముందుంది. మంత్రులనూ ఎంపీలనూ ఒక్కటే కోరుతున్నాను. అయిదో వరుస, ఆరో వరుస వేయకముందే చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా రెండు వైపులా ఎక్కడా తెగని సర్వీసు రోడ్డు వేయండి. ఊరూరికీ కింది నుంచి దాటే దారి ఇవ్వండి. ఆ పని పూర్తయ్యాకే కొత్త వరుసలు తెరవండి.