ఐదు మీటర్ల గీత

నైసార్ ఉపగ్రహం రోజుకు సుమారు 80 టెరాబైట్ల డేటా ఇస్తుందని తెలియగానే కథనాలన్నీ సర్వర్ల లెక్కల్లో పడ్డాయి. ఎన్ని డిస్కులు, ఎంత కరెంటు, ఏ క్లౌడు? డబ్బు పెడితే డిస్కులు దొరుకుతాయి. డేటా ఎవరి చేతికి, ఏ షరతు మీద, ఎంత ధరకు అందుతుందన్నదే అసలు పేచీ.

1974లో సికింద్రాబాద్‌లో మొదలైన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీకి నిల్వ తలనొప్పి కొత్త కాదు. 1979లో దాని షాద్‌నగర్ కేంద్రం అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల సంకేతాలు అందుకోవడం మొదలుపెట్టింది. 1988లో మన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం తోడైంది. ఆ డేటాను దాచిన టేపు పాడవక ముందే దాన్ని చదివే యంత్రం మూలపడుతుంది. అందుకే పాత డేటాను కొత్త మాధ్యమంలోకి ఎక్కించడం ఎన్నటికీ తెమలని పని. ఆ ఏజెన్సీయే 2008లో ఇస్రోలో భాగమై ఎన్‌ఆర్‌ఎస్‌సీ అయింది.

ఒక చెరువు ముప్పై ఏళ్లలో ఎంత కుంచించుకుపోయిందో తేల్చాలంటే నిన్నటి చిత్రం ఒక్కటే చాలదు, ఈ పాత కొట్టు తెరవాలి.

తాళం ఎక్కడుందో 2023 అంతరిక్ష విధానంలో కనిపిస్తుంది. రిజల్యూషన్ 5 మీటర్లు, లేదా అంతకంటే ముతకగా ఉంటే చిత్రాలు అందరికీ ఉచితం. అంతకంటే సూక్ష్మమైనవి ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావారికి ధరకు. రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-4 కెమెరా 5.8 మీటర్లతో వెంట్రుకవాసిలో గీత దాటింది. 2005లో ఎగిరిన కార్టోశాట్-1 మాత్రం 2.5 మీటర్లతో అవతలే చిక్కుకుంది.

దేశ భద్రత కోసమేనా ఈ గీత? కాదు. 2011 నాటి రిమోట్ సెన్సింగ్ డేటా విధానంలోనే 1 మీటరు వరకు రిజల్యూషన్ ఉన్న డేటాను వివక్ష లేకుండా ఇవ్వవచ్చన్నారు, వడపోత అంతకంటే సూక్ష్మమైన వాటికే. కాబట్టి ఒకటికీ ఐదుకూ మధ్య మిగిలింది రహస్యం కాదు, రేటు. ఉచితంగా ఇస్తే ప్రైవేటు చిత్రాల వ్యాపారం దెబ్బతింటుందన్న వాదన ఉంది. తాజా చిత్రాల విషయంలో అందులో కొంత పస ఉండవచ్చు. ఇరవై ఏళ్ల నాటి చిత్రానికి మాత్రం పరిశోధకుడు తప్ప గిరాకీ ఎవరు? సీను 600 డాలర్లకు అమ్మిన ల్యాండ్‌శాట్ చిత్రాలను అమెరికా 2008లో ఉచితం చేశాకే వాటి వాడకం అనేక రెట్లు పెరిగింది.

పైగా ఈ ఐదు మీటర్ల గీత ఉన్నది విధానంలోనే, చట్టంలో కాదు. 2017లో ముసాయిదాగా బయటికొచ్చిన అంతరిక్ష కార్యకలాపాల బిల్లు చట్టం కాలేదు. ఇవాళ ఉచితమన్నది రేపు మరో ఉత్తర్వుతో పోవచ్చు; అడిగేందుకు పరిశోధకుడి చేతిలో చట్టహక్కు లేదు. కొత్త సర్వర్ల టెండర్ల కన్నా ముందు, పదేళ్లు దాటిన చిత్రాలకు ఈ గీతను 1 మీటరుకు జరిపి, దాన్ని చట్టంలో రాయాలి.