ఎం.టెక్ విద్యార్థికి ఒక సెమిస్టరు ప్లాంటులో ఇవ్వండి

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి చైర్మన్ గారికి,

పర్యావరణ ఇంజినీరింగులో పీజీ మన దగ్గర రెండేళ్లు, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోనూ రెండేళ్లే. చెప్పే పాఠాల్లోనూ పోలికలే ఎక్కువ. అయితే అక్కడ చదువు మురుగునీటి శుద్ధి ప్లాంటును ఆనుకుని సాగుతుంది. మన దగ్గర అది కొరవడింది.

డెల్ఫ్ట్‌లోనే ఒక ఈస్ట్ ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధిలో, గాలి అందని ట్యాంకులో అమ్మోనియా మాయమవుతోందని 1980లలో గమనించారు. దాన్ని మాయం చేస్తున్న బ్యాక్టీరియా వెంట విశ్వవిద్యాలయ పరిశోధకులు పడ్డారు. 2002 నాటికి రాటర్‌డ్యామ్‌లో ఆ బ్యాక్టీరియాతో పనిచేసే పూర్తిస్థాయి అనామాక్స్ రియాక్టర్ నడిచింది. ప్లాంటులో పుట్టిన సందేహం ల్యాబుకు వెళ్లి, జవాబై మళ్లీ ప్లాంటుకే చేరింది.

అమెరికా దారి వేరు. అక్కడ చాలాచోట్ల థీసిస్ లేకుండానే ఎం.ఎస్. పూర్తిచేయవచ్చు. అయితే ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సుకు సాధారణంగా నాలుగేళ్ల పని అనుభవం, పైగా పరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి. మనకు అలాంటి దేశవ్యాప్త లైసెన్సు లేదు కాబట్టి పట్టా చేతికొచ్చేలోపే అనుభవం రావాలి.

హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంది. అందులో వాడిన, గాలి లేకుండా మురుగును శుద్ధిచేసే యు.ఎ.ఎస్.బి. పద్ధతిని 1970లలో నెదర్లాండ్స్‌లోనే ఉన్న వాగెనింగెన్‌లో లెట్టింగా అనే శాస్త్రవేత్త బృందం చక్కెర ఫ్యాక్టరీ వ్యర్థజలాల మీద పనిచేస్తూ అభివృద్ధి చేసింది. అంత చరిత్ర ఉన్న పద్ధతిని వాడిన ప్లాంటును మా విద్యార్థులు ఒక పూట చూసి వస్తారు. థీసిస్ మాత్రం ల్యాబులో కలుపుకున్న కృత్రిమ మురుగునీటి మీద రాస్తారు. వానలకు మురుగు పలచబడితే, స్లడ్జ్ నీటితోపాటు కొట్టుకుపోతుంటే ఏం చేయాలో ల్యాబులోని బీకరు నేర్పదు. ఉద్యోగంలో చేరిన మొదటి వర్షాకాలంలోనే వాళ్లకు ఎదురయ్యేది ఇదే. చూస్తుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే తెలివిలో వాళ్లు ఎవరికీ తీసిపోరు.

నెదర్లాండ్స్ డబ్బున్న దేశం కదా అంటారు. నేను అడిగేదానికి కొత్త భవనం అక్కర్లేదు. మూడో సెమిస్టరంతా నడుస్తున్న ప్లాంటులో పనిచేయడం తప్పనిసరి చేయండి. థీసిస్ ప్రశ్న అక్కడి నుంచే రావాలి, ప్లాంటు ఇంజినీరు వైవాలో కూర్చోవాలి. గేట్ అర్హతతో చేరిన విద్యార్థులకు నెలనెలా ఇచ్చే 12,400 రూపాయలు ఆ కాలంలోనూ ఆగకూడదు. ఒక్కో కాలేజీ విడిగా అర్జీ పెట్టుకుంటే జలమండళ్లు, మున్సిపాలిటీలు గేటు తెరవవు. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వాలతో ఒప్పందం మీరే కుదర్చాలి.

ఇట్లు,
పర్యావరణ ఇంజినీరింగ్ అధ్యాపకుడు, హైదరాబాద్