ఓడిన పోరుకు వచ్చిన పతకం

సైన్యాధికారి వక్షస్థలం మీది పతకాలను చూసి విజయాలను లెక్కించడం మనకు అలవాటు. జనరల్ పి. పి. కుమారమంగళం విషయంలో ఆ లెక్క కుదరదు. ఆయన తండ్రి సుబ్బరాయన్ 1926-30 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి. మా తాటిపాక కూడా నాడు ఆ ఏలుబడిలోనిదే కనుక, వారిని పరాయివారని అనుకోలేను.

1942 మే 27 ఉదయం లిబియా ఎడారిలో, బీర్ హకీం సమీపాన, ఇటలీవారి అరియెతె ట్యాంకుల డివిజన్ మన 3వ మోటారు బ్రిగేడును ముంచెత్తింది. ఆ బ్రిగేడుకు అండగా ఉన్న 2వ ఫీల్డు రెజిమెంటులో ఒక బ్యాటరీకి కుమారమంగళం నాయకుడు. ఫీల్డు ఫిరంగి దూరాన ఉండి, కంటికి కానరాని లక్ష్యాన్ని కొట్టడానికి ఉద్దేశించినది. ట్యాంకులు మీదికే వచ్చినప్పుడు అదే ఫిరంగిని సూటిగా గురిపెట్టి నిలబడాలి. డి.ఎస్.ఓ. పతకం వారికి వచ్చినది ఈ బీర్ హకీం పోరుకే. ఆ తరువాత చెర. ఇటలీ శిబిరం నుండి తప్పించుకున్నారు, మరల పట్టుబడ్డారు, జర్మనీ శిబిరానికి చేరారు.

తెల్లవారి కోసం చేసిన యుద్ధమే కదా అనే మిత్రులుంటారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. తమ్ముడు మోహన్, చెల్లెలు పార్వతి కమ్యూనిస్టులు. ఆ వాదం వారింటనే జరిగి ఉంటుందని నా ఊహ!

1966లో సైన్యాధిపత్యం, 1970లో పద్మవిభూషణ్. సంగ్రహ జీవితచరిత్రలు వీటినే ముందు చెబుతాయి. నేనైతే చెరను ముందు చెబుతాను. ఓటమిని అనుభవించినవాని చేతికే 1962, 1965 చవిచూసిన సైన్యం అందింది. 1967 సెప్టెంబరులో నాథూ లా వద్ద చైనాకు మన ఫిరంగులు బదులిచ్చినప్పుడు సైన్యాధిపతి వారే.