ఆరేళ్ల పన్ను

ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరిన చేతులు మనవి. ఆ సంబరంలో ఒక పన్ను ఎవరి కంటా పడదు. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వరుసకు వెనక, ఏ పన్నూ ఊడకుండానే, పెద్ద దవడపన్ను చిగురు చీల్చుకుని వస్తుంది. పాలపన్నే కదా, పుచ్చితే ఊడిపోతుందిలే అనుకుంటాం. కాదు, అది పోతే మళ్లీ రాదు. దాని మీది ఎనామిల్ ఎముక కన్నా గట్టిదే. కానీ అందులో జీవకణాలుండవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు. పైగా ఆ పన్ను పైభాగమంతా సన్నని గుంటలు. నమిలిన బిస్కెట్ పిండి అక్కడే ఇరుక్కుంటుంది, బ్రష్ లోపలిదాకా వెళ్లదు. ఈ సంచికను దంతాలకు కేటాయించడానికి ఆ పన్నే కారణం. ఈ రాత్రి మీ పిల్లల్ని దీపం కింద నోరు తెరవమనండి. వెనక పన్ను చూడండి.