గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

రాయచూరు నుంచి మంత్రాలయం పోయే తోవలో యరగేర వస్తుంది. ఇటు కర్ణాటక బండ్లు, అటు ఆంధ్రా బండ్లు, తెలంగాణ బండ్లు... నంబరు ప్లేట్లు వేరైనా రోగాలు ఒక్కటే. అందులో ఎక్కువగా కనిపించేది క్లచ్. పత్తి మూటలు, ఎరువుల సంచులు, ముగ్గురు మనుషులు. పొలం బాటలో సగం క్లచ్ పట్టుకునే నడపాలి. కొన్నాళ్లకు రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ప్లేట్లు అరిగాయన్నమాట.

ప్లేట్లు మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. చిక్కల్లా మార్చే తీరులోనే. పల్లె రోడ్ల మీది చాలా షెడ్లలో క్లచ్ నట్టు విప్పాలంటే మొదట చేతికొచ్చేవి చీజల్, సుత్తె. నట్టు గాటులో చీజల్ ఆనించి నాలుగు దెబ్బలు వేస్తారు. నట్టు ఊడుతుంది, నిజమే. దానితోపాటు నట్టు గాట్లు చెదురుతాయి. గురి తప్పితే అల్యూమినియం హబ్ చిట్లుతుంది. రాలిన ముక్కలు ఆయిల్‌లో కలుస్తాయి. ఆ ఆయిలే ఇంజిన్‌లో, గేర్లలో తిరిగేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్లేట్ల ఖర్చుతో తేలాల్సిన పని హబ్ ఖర్చుకు, ఒక్కోసారి ఇంజిన్ విప్పుడుకు పోతుంది. ఆ భారం మోసేది బండి మీదే బతికే రైతు, కూలీ, కాలేజీ పిల్లోడు.

తప్పంతా మేస్త్రీదే అనడం న్యాయం కాదు. అతనికి ఏ పానా ఎందుకో చెప్పినవారు లేరు. కొనమంటే ఏది కొనాలో తెలీదు. అసలు సంగతి ఏమిటంటే, అన్ని పనిముట్లూ అక్కర్లేదు.

ముందు చూడాల్సింది బండి కట్టుబడి. కొన్ని మోడళ్లలో స్ప్రింగు బోల్టులు విప్పి పై ప్లేటు తీస్తే చాలు, క్లచ్ ప్లేట్లు చేతికొస్తాయి. వీటికి మామూలు టీ పానా సరిపోతుంది, ప్రత్యేక పనిముట్టు దండగ. మరికొన్నింటిలో నడిమి హబ్ తీస్తేగానీ ప్లేట్లు రావు. ఆ హబ్‌ను పట్టి ఉంచేది మూడు రకాలు: నాలుగు గాట్ల నట్టు, ఆరు పలకల నట్టు, సర్‌క్లిప్. గాట్ల నట్టుకు దాని కొలతకు సరిపోయే నాలుగు పళ్ల సాకెట్ కావాలి. ఆరు పలకల నట్టుకు మామూలు సాకెట్ చాలు. సర్‌క్లిప్‌కు సర్‌క్లిప్ పట్టకారు ఉండాలి, స్క్రూడ్రైవరుతో పెకిలిస్తే అది ఎగిరి కంట్లో పడొచ్చు.

నట్టుతో పాటు రెండో పనిముట్టు హోల్డర్. నట్టు తిప్పుతుంటే హబ్ కూడా తిరగకుండా పట్టుకునేది ఇదే. హోల్డర్ లేనివాళ్లు గేరు వేసి, వెనక బ్రేకు తొక్కించి విప్పుతారు. అప్పుడు బలమంతా గేర్ల మీద, చైన్ మీద పడుతుంది. ఇంకొందరు పళ్ల మధ్య ఇనుప ముక్క ఇరికిస్తారు. పన్ను విరిగితే ఆ ఇంజిన్ సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి షెడ్డు పెట్టుకున్నవాడు చేయాల్సిన లెక్క సులువే. నెలలో తన దగ్గరికొచ్చే బండ్లు ఏ మోడళ్లో రాసుకోవాలి. ఎక్కువగా వచ్చే రెండు మూడింటికే సాకెట్, హోల్డర్ కొనాలి. కొట్టుకు పోయేటప్పుడు పాత నట్టు జేబులో వేసుకెళ్లి, అక్కడే సాకెట్‌లో పెట్టి చూడాలి. వదులుగా ఆడితే ఎంత చవకైనా వద్దు, మొదటి బలానికే జారి నట్టును నాశనం చేస్తుంది. చేతిలో డబ్బు లేకుంటే దారి ఉంది. కొన్ని మోడళ్లకు పాత స్టీలు ప్లేటుకు ఇనుప పట్టీ వెల్డింగ్ చేయిస్తే అదే హోల్డర్ అవుతుంది.

బిగించేటప్పుడు కూడా తొందర పనికిరాదు. మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకు టార్క్ పానా కావాలి. కొత్త ఫైబర్ ప్లేట్లను ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి వేయాలి. స్టీలు ప్లేటు వంగిందో లేదో అద్దం మీద పెట్టి చూడాలి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉండాలి. జారుడు ఎక్కువగా ఉండేలా తయారైన కారు ఆయిల్ పోస్తే కొత్త ప్లేట్లు కూడా జారతాయి.

ఇదంతా మేస్త్రీ ఒక్కడి మీద వదిలేస్తే సరిపోదు. కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టి, 18 వృత్తులవారికి పనిముట్ల కోసం రూ.15 వేల దాకా సాయం ప్రకటించింది. ఆ జాబితాలో కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, సుత్తెలు, పనిముట్లు తయారుచేసేవాడూ ఉన్నాడు. ఆ పనిముట్లు పట్టి బతికే బండి మేస్త్రీకి మాత్రం చోటు లేదు! వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. వాహనాలూ అందులో ఉన్నాయి. అయితే మాన్యువల్ కన్నడంలో, తెలుగులో చేతికి అందనంత వరకు యరగేర షెడ్డుకు ఒరిగేదేముంది?

యరగేరలో విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. రాయచూరులో ఐటీఐ ఉంది. కల్యాణ కర్ణాటక అభివృద్ధికి ప్రత్యేకంగా మండలి ఉంది. పది షెడ్లకు ఒక టార్క్ పానా, ఒక పుల్లర్, నాలుగు హోల్డర్లు ఉమ్మడిగా ఉంచి, నెలకోసారి ఐటీఐ బోధకుడితో రెండు భాషల్లో ఒక పూట పాఠం చెప్పించడానికి కోట్లేం అక్కర్లేదు. పూనుకునేవారు కావాలి, అంతే.

బండి యజమానులకూ ఒక మాట. కూలి తగ్గించమని బేరమాడే ముందు ‘హోల్డర్ ఉందా అన్నా?’ అని అడగండి. ఉన్నవాడికి ఇరవై రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. అడిగేవారుంటేనే కొనేవారుంటారు.