జామాయిల్ తోట అడవి కాదు



గూడెంలో ఏ ముసలమ్మనైనా అడగండి, మీ కాలంలో చేనుకు ఏం ఎరువు వేసేవాళ్లని. నవ్వుతుంది. ఎరువు కొనడం అనే మాటే అప్పుడు లేదు. చేనుకు పైన అడవి ఉండేది, అదే ఎరువు వేసేది.

ఇది పాతరోజుల మీద మోజుతో చెప్తున్న మాట కాదు, మట్టి లెక్క. మన కొండవాలుల్లో ఎక్కువగా ఉండేది పలచటి ఎర్రనేల. దాని సత్తువంతా పైన కొన్ని అంగుళాల్లోనే ఉంటుంది. ఇప్ప, తునికి, మద్ది, మోదుగ, వెదురు ఆకు రాలిస్తే చెదలు, వానపాములు, బూజు కలిసి దాన్ని మెత్తటి మట్టిగా మారుస్తాయి. ఆ సారం వాననీళ్లతో కిందికి దిగి మన చేలకు అందుతుంది. చెట్టున్న చోట వాన చినుకు ముందు ఆకు మీద పడి, తర్వాత రాలిన ఆకుల మీద పడి, అప్పుడు నేలలోకి ఇంకుతుంది. చెట్లు పోతే అదే చినుకు నేరుగా మట్టిని కొడుతుంది. అంగుళం పైమట్టి తయారుకావడానికి వందల ఏళ్లు పడుతుంది. బోడికొండ మీద నుంచి అది వాగులో కలవడానికి కొన్ని గట్టి వానలు చాలు. ఇంకని నీళ్లు ఊటగా బయటికి రావు కాబట్టి చెలమలు కూడా తొందరగా ఎండిపోతాయి.

ఇక్కడే మనల్ని ఒక మాట అంటారు: "అడవిని నరికింది మీరే కదా, పోడు కొట్టేటోళ్లు." దీనికి మనం తలదించుకోవాల్సిన పని లేదు, జవాబు తెలిసుండాలి. పాత పోడు పద్ధతిలో ఒక చెక్క కొట్టి, రెండు మూడేళ్లు పండించి, వదిలేసేవాళ్లు. మళ్లీ దాని దగ్గరికి వచ్చేసరికి చాలా ఏళ్లు గడిచేవి. ఈలోపు అడవి తిరిగొచ్చేది, మట్టి కోలుకునేది. బూడిద సత్తువ రెండు మూడు పంటలకే సరిపోతుందని మన తాతలకు తెలుసు, అందుకే నేలకు విశ్రాంతి ఇచ్చారు.

ఆ విశ్రాంతిని పోగొట్టింది ఎవరు? 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవికి గీత గీశారు. పోడు మీద ఆంక్షలు మన్యం జనం కోపానికి పెద్ద కారణం, 1922లో అల్లూరి వెంట కదిలింది ఆ జనమే. నిజాం రాజ్యంలో అదే పోరాటంలో కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. స్వాతంత్య్రం వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. తిరగడానికి ఉన్న జాగా చిన్నదైపోతే మనోళ్లు అదే చెక్కను ఏటేటా దున్నక తప్పలేదు. దానికి అలసట తీరకపోతే తప్పు దున్నినవాడిదే అన్నారు.

ఇక 1975లో అటవీ అభివృద్ధి సంస్థ వచ్చింది. గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు మిశ్రమ అడవి ఉన్న చోట కాగితం గుజ్జు కోసం జామాయిల్ వరసలు లేచాయి. అందులో ఒకసారి నడిచి చూడండి. కింద తీగ ఉండదు, దుంప ఉండదు. ఆకు రాలుతుంది గానీ తొందరగా కుళ్లదు. కొన్నేళ్లకోసారి కోత. కోసిన ప్రతిసారీ నేల సత్తువ కొంత లారీలెక్కి వెళ్లిపోతుంది, తిరిగి రాదు.

అయినా లెక్కల్లో అది అడవే! భారత అటవీ సర్వే సంస్థ నియమం ప్రకారం హెక్టారు, ఆపైన నేలలో చెట్ల నీడ 10 శాతం ఉంటే చాలు, ఆ చెట్టు ఏదైనా సరే, అటవీ విస్తీర్ణంలో కలుపుతారు. జామాయిలైనా, మామిడి తోటైనా ఒకటే. అందుకే గనికో డ్యాముకో అసలు అడవి పోయినా, ఇంకెక్కడో మొక్కలు నాటి "విస్తీర్ణం తగ్గలేదు" అని చెప్పగలుగుతున్నారు. హరితహారం పేరుతో పోడు చేలల్లో కందకాలు తవ్వినప్పుడు ఎన్ని గొడవలయ్యాయో మీకు తెలుసు. పైనుంచి తీసిన ఫోటోలో పచ్చగా ఉన్నంత మాత్రాన ఆ నేల మనకు కూడు పెట్టదు.

కూడు అంటే ఏంటో కూడా చెప్పుకోవాలి. మనకు రెండు గాదెలు ఉండేవి. ఒకటి చేను: జొన్న, సామ, కొర్ర, చోడి, కంది, అలసంద అన్నీ కలిపి వేసేవాళ్లం. ఒకటి పోయినా ఒకటి దక్కేది, కంది వేరు నేలకు బలమిచ్చేది. రెండోది అడవి: దుంపలు, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, ఇప్పపువ్వు, తునికి పళ్లు, తేనె. తొలకరి తర్వాత ఇంట్లో గింజ అయిపోయే రోజుల్లో కొండరెడ్ల, కోయల ఇళ్లను కాచింది మామిడి టెంక పిండి, అడవి దుంపలే. అడవి కొట్టేస్తే రెండు గాదెలూ ఒకేసారి ఖాళీ అవుతాయి.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోల హక్కు ఇచ్చింది. అది మన హక్కు, వదులుకోం. కానీ వంద గ్రాముల చోడిలో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటే, అంతే బియ్యంలో 10 కూడా కష్టమే. బియ్యంతో ఆకలి తీరుతుంది. బాలింతకు, ఎదిగే పిల్లకు అదొక్కటే సరిపోదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. షావుకారు అప్పిస్తాడని కలగలుపు చేను తీసేసి పత్తి పెట్టింది మనమే. గడ్డి మందు కొట్టి చేలో మొలిచే కూరాకును చంపుకుంటున్నదీ మనమే. ఫారెస్టోళ్లను ప్రశ్నించే ముందు ఒక చెక్కలోనైనా పాత గింజ వేద్దాం.

మరి ఏం చేయాలి? 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. మంచిదే. కానీ అవి ఎవరి చెక్క వాళ్లకు ఇచ్చిన పట్టాలు. చేనుకు పట్టా ఉండి, పైన కొండ వేరేవాళ్ల చేతిలో ఉంటే ఆ చేను ఎన్నేళ్లు పండుతుంది? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) ఊరికి తన అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. దాన్నే సాముదాయక అటవీ వనరుల హక్కు అంటారు. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖ అనే గోండు ఊరు 2009లోనే ఈ హక్కు తెచ్చుకుంది. 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంది.

దరఖాస్తు ఫారం-సి. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సరిహద్దు గీయడానికి ఊరి పెద్దలను వెంటబెట్టుకుని కొండెక్కండి. ఏ వాగు దగ్గర దుంప తవ్వేవాళ్లో, ఏ చెట్టు దగ్గర ఇప్పపువ్వు ఏరేవాళ్లో రాసుకోండి. పెద్దలు చెప్పింది రాసి ఇస్తే నిబంధనల ప్రకారం అది సాక్ష్యం.

ఎరువు మాట అడిగితే నవ్విన ఆ ముసలమ్మ దగ్గర మన కేసుకు కావాల్సిన సాక్ష్యం ఉంది. ఆమె ఉండగానే రాసుకుందాం.

జల్, జంగల్, జమీన్ మనవే. జై ఆదివాసీ!