మట్టితో వచ్చు శత్రువు

తుని తమలపాకునకు గల పేరు తీగదే కాదు, తీగను పెంచిన మట్టిది గూడ. ఆకుతోటలందు నీడయు, తడియు, పెంటయు గలిసినచోట వానపాములు రేయింబవళ్లు పాటుపడి మట్టిని గుల్లపరచి, నీటికిని వేళ్లకును త్రోవ చేయుచున్నవి. కూలి యడుగని యీ కృషీవలుల ఋణమును 1881లోనే డార్విన్ పండితుడు ప్రత్యేకగ్రంథమున వెల్లడించెను.

అట్టి వానపాములకు మృత్యువైన చదునుపురుగులు కుండీమొక్కల మట్టిలో దాగి దేశదేశములు తిరుగుచున్నవి. న్యూజీలాండు పురుగు 1963లో బెల్‌ఫాస్టునందు గానవచ్చెను. అది వానపామును చుట్టుకొని, జీర్ణరసముచే కరగించి పీల్చును. 2013లో ప్రకటితమైన ఉత్తర ఐర్లాండు పరిశోధనము ననుసరించి, దానివలన వానపాముల మొత్తపు బరువు నూటికి 20 పాళ్లును, లోతుగా త్రవ్వు పెద్దజాతి నూటికి 75 పాళ్లును తగ్గవచ్చును. ఆఫ్రికా నత్తలను చంపుటకై పసిఫిక్కు దీవులలో బుద్ధిపూర్వకముగా వదలిన న్యూగినీ పురుగు, అచ్చటి స్వదేశపు నత్తలను గూడ రూపుమాపుచున్నది.

చలిదేశపు పురుగు మన యెండకు బ్రదుకునా యని కొందరనవచ్చును. న్యూజీలాండు పురుగు బ్రదుకకపోవచ్చును. కాని న్యూగినీ పురుగు ఉష్ణదేశపుదే. వానపాములను దిను సుత్తితల పురుగులును తేమగల వేడినేలలకు అలవాటుపడినవే. ఆకుతోట నీడ వానికి పుట్టినిల్లువంటిది.

పరదేశపు చీడ యెంత వేగముగ వచ్చునో గోదావరి రైతునకు వేరుగ జెప్పనక్కరలేదు. 2016లో పొల్లాచ్చి కొబ్బరితోటలయందు బయటపడిన సర్పిలాకారపు తెల్లదోమ, అనతికాలముననే కడియపు నర్సరీలను, కోనసీమ తోటలను ముట్టడించెను. విదేశపు మొక్కలతో మట్టి రాగూడదని 2003 నాటి ఉత్తర్వు శాసించుచున్నది. రేవునందు మట్టిని శంకించు మనము, లారీలో వచ్చు కుండీమట్టిని శంకింపకుండుట వివేకమా?

కడియపు నర్సరీలు వేలకుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. వానిపై నింద మోపుట మా యుద్దేశము కాదు. ఆ వ్యాపారము నిలువవలెనన్నను మట్టి పరిశుభ్రమై యుండవలెను. ఉద్యానశాఖవారు నర్సరీలయందు కుండీల యడుగును తరచుగ పరీక్షింపవలెను. పురుగును గుర్తించువిధమును చిత్రపటములతో గ్రామగ్రామమున దెలుపవలెను. రైతులును క్రొత్తమొక్కను కొన్నిదినములు వేరుగనుంచి చూచి నాటవలెను. కానవచ్చిన పురుగును ముక్కలు చేయరాదు. ముక్క ముక్కయు నొక పురుగగును. వట్టిచేత ముట్టక, ఉప్పులోనో మరుగునీటిలోనో వేయవలెను.

ఆకు తెగులు కంటికి గనబడును. మట్టి తెగులు కనబడునప్పటికి తోట చేయిదాటును. కావున జాగ్రత్త పడవలసినకాల మిదియే.